ఇ-సిగరెట్‌తో పొగ మానడం

సిగరెట్ తాగేవారు దాన్ని పక్కన పెట్టి, నికోటిన్ కలిసిన ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరానికి మారడం, వీలు చిక్కినప్పుడు ఆ పరికరాన్నీ వదిలేయడం గత ఇరవై ఏళ్లలో పొగ మానే పద్ధతుల్లో ఒకటిగా నిలదొక్కుకుంది. ఆ పరికరం పేరు ఇ-సిగరెట్. వాడుకలో వేప్ అంటారు. బ్రిటన్‌లో, న్యూజిలాండ్‌లో ప్రభుత్వ వైద్యులే ఈ దారి చూపిస్తారు. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి ఇది మందుల షాపులో తప్ప మరెక్కడా దొరకదు. అమెరికాలో అమ్ముతారు గాని, పొగ మానిపించే సాధనంగా ఏ ఒక్క ఇ-సిగరెట్‌కూ అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం ఇవ్వలేదు. భారతదేశంలో 2019 నుంచి పూర్తి నిషేధం.

ఒకే వస్తువు మీద ఇన్ని తీర్పులు రావడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్లుగా రోజుకో పెట్టె కాల్చే మనిషికి ఇది ప్రాణం నిలిపే అవకాశం కావచ్చు. సిగరెట్ ఎన్నడూ ముట్టని పదిహేనేళ్ల పిల్లవాడికి ఇదే వస్తువు కొత్త వ్యసనం. ఏ దేశం ఏ నియమం పెట్టిందన్నది, ఆ ఇద్దరిలో ఎవరిని ముందు తలచుకుందన్న దాని మీద ఆధారపడింది. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి మనిషి గురించి.

నికోటిన్ వేరు, పొగ వేరు

సిగరెట్‌ను వదలనివ్వనిది నికోటిన్. మనిషిని చంపేది మాత్రం చాలావరకు పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ వంటివి. లండన్ మనోవైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ తేడాను స్పష్టంగా రాశాడు. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొస దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ మంటలో పుట్టే పొగలో వేల రసాయనాలు ఉంటాయి. వాటిలో కనీసం డెబ్బైకి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. ఇ-సిగరెట్‌లో పొగాకూ లేదు, మంటా లేదు. చిన్న తీగచుట్ట వేడెక్కి, దాన్ని ఆనుకుని తడిసి ఉన్న దూదిలోని ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ వేడి సాధారణంగా 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం కలిపినవి, నికోటిన్ ఉంటాయి. కట్టెల పొయ్యి పొగకూ ఇడ్లీ పాత్ర ఆవిరికీ ఉన్నంత తేడా ఇక్కడ ఉంది. అయితే ఇది ఇడ్లీ ఆవిరిలా వట్టి నీరు కాదని కూడా గట్టిగా గుర్తుంచుకోవాలి.

నికోటిన్ నిరపాయమైనదేమీ కాదు. గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. కడుపులోని బిడ్డకూ, ఎదిగే వయసు మెదడుకూ చేటు చేస్తుంది. పొగాకు వల్ల వచ్చే క్యాన్సర్లకు మాత్రం ప్రధాన కారణం అది కాదు. వైద్యులు దశాబ్దాలుగా నికోటిన్ బిళ్లలు, పట్టీలు, నమిలే గమ్ ధైర్యంగా ఇస్తున్నది అందుకే. ఆ గమ్ పుట్టుక కూడా ఆసక్తికరమే. జలాంతర్గాముల్లో పొగ తాగే వీలు లేని స్వీడన్ నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారని, లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక శాస్త్రవేత్త 1967లో తన మిత్రుడు ఓవె ఫెర్నోకు రాశాడు. హెల్సింగ్‌బోరి పట్టణంలోని మందుల కంపెనీలో పరిశోధకుడైన ఫెర్నో ఆ ఆలోచనను పట్టుకుని గమ్ తయారుచేశాడు. 1978లో స్విట్జర్లాండ్‌లో, 1984లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

గమ్, పట్టీ ఇచ్చే నికోటిన్ రక్తంలోకి మెల్లగా చేరుతుంది. సిగరెట్ దమ్ములోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడును తాకుతుంది. దానికి తోడు వేళ్ల మధ్య పట్టుకోవడం, పెదాలకు చేర్చడం, గొంతులో తగిలే ఘాటు, టీ తాగాక బయటికి నడిచే ఆ నాలుగు నిమిషాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి శరీరంలో ఇంకిపోయిన అలవాట్లు. పట్టీ వేసుకున్నవాడి చెయ్యి ఖాళీగానే ఉంటుంది. ఇ-సిగరెట్ బలమంతా ఈ ఖాళీని నింపడంలోనే ఉంది.

పరికరం పుట్టుక

పొగాకు లేని, మంట లేని సిగరెట్‌కు అమెరికాలోని పెన్సిల్వేనియా వాసి హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1965లో పొందాడు. సరుకు మార్కెట్‌కు రాలేదు. ఇప్పటి రూపానికి మూలం చైనాలోని షెన్యాంగ్ నగరానికి చెందిన ఫార్మసిస్టు హోన్ లిక్. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. తానూ విపరీతంగా తాగేవాడు, నికోటిన్ పట్టీ వేసుకున్నా ఫలితం దక్కలేదు. 2003లో పరికరాన్ని రూపొందించాడు, మరుసటి ఏడాది చైనాలో అమ్మకాలు మొదలయ్యాయి, 2006 నాటికి యూరప్ చేరాయి. తాను ఇ-సిగరెట్‌తో పాటు అప్పుడప్పుడు సిగరెట్ కూడా తాగుతూనే ఉన్నానని హోన్ లిక్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నాడు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద చిక్కు, దాన్ని కనిపెట్టిన మనిషి జీవితంలోనే అలా బయటపడింది.

తొలి పరికరాలు సిగరెట్ ఆకారంలోనే ఉండి, నికోటిన్‌ను చాలీచాలకుండా ఇచ్చేవి. తర్వాత ద్రవం నింపుకునే ట్యాంకులు, ఆపైన చిన్న పాడ్‌లు, చివరికి వాడి పారేసేవి వచ్చాయి. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ నికోటిన్ లవణాలను వాడి, ఎక్కువ నికోటిన్‌ను గొంతు మండకుండా పీల్చుకునేలా చేసింది. మానాలనుకునేవారికి అది మేలైన పరికరం అయ్యేదే. దాన్ని ఎగబడి కొన్నది హైస్కూలు పిల్లలు.

పరీక్షలు ఏం తేల్చాయి

తొలి పెద్ద పరీక్ష న్యూజిలాండ్‌లో జరిగింది. 657 మంది పాల్గొనగా, 2013లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత పూర్తిగా మానినవారు నికోటిన్ ఉన్న ఇ-సిగరెట్ వాడినవారిలో 7.3 శాతం, పట్టీ వాడినవారిలో 5.8 శాతం, నికోటిన్ లేనిది వాడినవారిలో 4.1 శాతం. తేడా అంత చిన్నది కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. నాసిరకం తొలితరం పరికరాలతో అంతకు మించి ఆశించడమూ కష్టమే.

మలుపు 2019లో వచ్చింది. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హాయెక్ బృందం, ప్రభుత్వ పొగమాన్పు కేంద్రాలకు వచ్చిన 886 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపు గమ్, పట్టీ వంటి వాటిలో తమకు నచ్చినవి తీసుకుంది. రెండో గుంపుకు ద్రవం నింపుకునే ఇ-సిగరెట్, ఒక సీసా ద్రవం ఇచ్చారు. రెండు గుంపులకూ కనీసం నాలుగు వారాలు కౌన్సెలింగ్ దొరికింది. ఏడాది గడిచాక ఇ-సిగరెట్ గుంపులో 18 శాతం, గమ్, పట్టీల గుంపులో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. సుమారు రెట్టింపు. ఆ ఫలితం పక్కనే ఇంకో అంకె ఉంది. ఇ-సిగరెట్‌తో మానినవారిలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా దాన్ని పీలుస్తూనే ఉన్నారు. గమ్, పట్టీల గుంపులో ఇంకా వాటిని వాడుతున్నది 9 శాతమే.

2024లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన 1,246 మంది పరీక్ష ఇదే మాటను మరింత తేటగా చెప్పింది. కౌన్సెలింగ్‌తో పాటు ఉచితంగా ఇ-సిగరెట్ పొందినవారిలో ఆరు నెలలు సిగరెట్ ముట్టనివారు 28.9 శాతం, మామూలు కౌన్సెలింగ్ గుంపులో 16.3 శాతం. కానీ సిగరెట్, ఇ-సిగరెట్, గమ్ ఏదీ లేకుండా నికోటిన్ నుంచే పూర్తిగా బయటపడ్డవారిని లెక్కిస్తే తక్కెడ తిరగబడింది: ఇ-సిగరెట్ గుంపులో 20.1 శాతం, రెండో గుంపులో 33.7 శాతం. సిగరెట్ మానడమే లక్ష్యమా, నికోటిన్ మానడమా అన్న ప్రశ్నకు రోగీ వైద్యుడూ ముందే ఒక జవాబు అనుకోవాలి. పొగ చంపే తీరు తెలిసినవారు మొదటిదే ముందు అంటారు, అది సబబే.

ప్రపంచవ్యాప్త పరీక్షలను జల్లెడపట్టే కాక్రేన్ సమీక్ష, నికోటిన్ ఇ-సిగరెట్లు గమ్, పట్టీల కన్నా మెరుగ్గా పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం ఉందని 2022లో తేల్చింది. దాని లెక్క ప్రకారం ఇ-సిగరెట్లు ఆరు నెలలు, ఆపైన మానిపించగలిగేది నూటికి సుమారు 8 నుంచి 12 మందిని. గమ్, పట్టీలు ఆరుగురిని. ఏ మందూ లేకపోతే నలుగురిని. ఈ అంకెలు చిన్నవని చప్పరించకూడదు. లక్షల మందికి వర్తింపజేస్తే అవి వేల ప్రాణాలు. అలాగే ఇ-సిగరెట్ ఒక్కటే దారన్న ప్రచారమూ నిజం కాదు. 2024లో వెలువడిన ఫిన్లాండ్ పరీక్షలో 458 మంది పాల్గొన్నారు. ఆరు నెలలకు పొగ మానిపించే వరెనిక్లిన్ మాత్ర వేసుకున్నవారిలో 43.8 శాతం, ఇ-సిగరెట్ వాడినవారిలో 40.4 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 19.7 శాతం పొగ మానారు. మాత్ర, ఆవిరి సరిసమానంగా నిలిచాయి.

హాని సంగతి

ఇ-సిగరెట్ హాని సిగరెట్ కన్నా 95 శాతం తక్కువని ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. లోకమంతా తిరిగిన ఆ అంకెకు మూలం కొలత కాదు, కొందరు నిపుణులు కలిసి కూర్చుని వేసిన అంచనా. లాన్సెట్ పత్రిక సంపాదకీయం దాన్ని గట్టిగా విమర్శించింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తన నివేదికలో, దీర్ఘకాలిక హాని పొగాకు పొగలో 5 శాతాన్ని మించే అవకాశం లేదంది. అంకె మీద పేచీ ఉన్నా దిశ మీద పెద్దగా లేదు. పూర్తిగా మారినవారి రక్తంలో, మూత్రంలో కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారకాల జాడలు బాగా తగ్గుతాయని పరీక్షలు చూపించాయి.

తక్కువ హాని అంటే సున్నా హాని కాదు. తీగ మరీ వేడెక్కితే ద్రవం నుంచి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. తీగ లోహాలు సూక్ష్మంగా ఆవిరిలో కలుస్తాయి. గొంతు గరగర, పొడి దగ్గు, నోరు ఎండడం మామూలు. సిగరెట్ వల్ల క్యాన్సర్ బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. ఇ-సిగరెట్ విస్తృతంగా వాడుకలోకి వచ్చి ఇరవై ఏళ్లే అయింది. ఈ కారణంగానే, సిగరెట్ తాగనివారు దీని జోలికి పోకూడదన్న మాటలో ఏ దేశపు వైద్యులకూ భేదాభిప్రాయం లేదు.

2019లో అమెరికాలో వేపింగ్ చేసినవారికి ఉన్నట్టుండి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతం ప్రపంచాన్ని భయపెట్టింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు; మరణాలు 68. దొంగచాటుగా అమ్మిన గంజాయి ద్రవాల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణమని తేలింది. ప్రమాణాలు పాటించి తయారైన నికోటిన్ ద్రవంలో అది ఉండదు. కానీ ఎవరు తయారుచేశారో తెలియని సీసాలో ఏముందో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది? నిషేధం ఉన్న చోట దొరికేవన్నీ అలాంటివే. ఈ పద్ధతి మేలు, పరికరం కన్నా దాన్ని అమ్మే బజారు మీద ఎక్కువ ఆధారపడుతుంది.

మారడం ఎలా జరుగుతుంది

అనుమతి ఉన్న దేశాల్లో కౌన్సెలర్లు ముందు అడిగే ప్రశ్న: పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు? అరగంటలోపే అయితే నికోటిన్ మీద ఆధారం గట్టిగా ఉన్నట్టు. అలాంటివారు బలం తక్కువ ద్రవంతో మొదలుపెట్టి, తహతహ తీరక, మూడో రోజుకే సిగరెట్‌కు తిరిగి వెళ్తారు. రోజుకో పెట్టె తాగేవారికి మిల్లీలీటరుకు 18 నుంచి 20 మిల్లీగ్రాముల ద్రవం అవసరమవుతుంది. యూరప్ సమాఖ్య నియమాల్లో, బ్రిటన్‌లో గరిష్ఠ పరిమితి కూడా 20 మిల్లీగ్రాములే. పీల్చే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. సిగరెట్‌ను గబగబా గట్టిగా లాగుతారు. దీన్ని అలా లాగితే ద్రవం నోట్లోకి వస్తుంది, దగ్గు వస్తుంది. మెల్లగా, మూడు నాలుగు సెకన్లు లాగాలి. మాడిన రుచి వస్తే తీగ మార్చాలి. మొదటి వారం దగ్గు పెరిగినంత మాత్రాన చాలామంది ఇది పడలేదని వదిలేస్తారు. అది సాధారణంగా సర్దుకునేదే.

అసలు గండం రెండూ తాగడం. ఇంట్లో ఆవిరి, ఆఫీసు బయట సిగరెట్. రోజుకు ఇరవై నుంచి ఐదుకు తగ్గించాను కదా అన్న తృప్తి. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో తగ్గింపు కొంత మేలు చేస్తుంది గాని గుండె దగ్గర ఆ లెక్క చెల్లదు. రోజుకు 20 తాగేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, ఒకే ఒక్కటి తాగేవారికి అందులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ చూపింది. ఇరవై నుంచి ఒకటికి దిగినవాడు తొంభైఐదు శాతం దారి నడిచానని అనుకుంటాడు. అతని గుండె సగం దారిలోనే ఉంటుంది. మారే తొలి వారాల్లో రెండూ కలిసి నడవడం సహజం, దానికి భయపడనక్కర్లేదు. అది నెలల తరబడి అలాగే ఉండిపోతే మాత్రం మారడం జరగనట్టే. అప్పుడు ద్రవం బలం పెంచడమో, ఇ-సిగరెట్‌కు తోడుగా పట్టీ వేయడమో, మాత్రకు మళ్లడమో చేయాలి. మంచి పొగమాన్పు కేంద్రం మంచిదని తెలిసేది ఈ దశలోనే.

ఇంకో సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. పొగాకు పొగ కాలేయంలోని ఒక ఎంజైమును ఉరకలెత్తించి, కొన్ని మందులను త్వరగా విరగ్గొడుతుంది. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. కాబట్టి ఇ-సిగరెట్‌కు మారినా సరే, క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్ వంటి మందుల స్థాయి రక్తంలో పెరిగిపోవచ్చు. ఉబ్బసానికో మానసిక జబ్బుకో వీటిని వాడేవారు సిగరెట్ మానే ముందే డాక్టరును కలవాలి. కాఫీ కూడా ఇదే దారిలో విరుగుతుంది. పొగ మానిన వారం రోజుల్లో చేతులు వణికి, నిద్ర పట్టకపోతే తప్పు నికోటిన్‌దే కాకపోవచ్చు, ఎప్పటిలా తాగిన మూడు కప్పుల కాఫీది కావచ్చు.

సిగరెట్ ఊసు లేకుండా కొన్ని నెలలు గడిచాక, ఇ-సిగరెట్‌ను వదలడం రెండో మెట్టు. ద్రవం బలాన్ని మెల్లగా దించుతారు, పీల్చే వేళల మధ్య ఎడం పెంచుతారు, ఇంట్లోనో కారులోనో పీల్చకూడదని తమకు తామే గీత గీసుకుంటారు. తొందరపడి వదిలి మళ్లీ సిగరెట్ పట్టుకోవడం కన్నా మరికొన్నాళ్లు ఆవిరితో ఉండడమే నయమని బ్రిటన్ వైద్యుల సలహా.

పిల్లలు, కంపెనీలు

అమెరికా హైస్కూలు విద్యార్థుల్లో ఇ-సిగరెట్ వాడేవారు 2019లో 27.5 శాతానికి చేరారు. గట్టి చర్యల తర్వాత 2024కు అది 7.8 శాతానికి దిగింది. మామిడి, పుదీనా రుచులు పెద్దవారిని సిగరెట్ నుంచి మళ్లించడానికి పనికొస్తాయన్నది నిజమే, అవే రుచులు పిల్లలను లాగాయన్నదీ నిజమే. బ్రిటన్ ఒకపక్క 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు ఇ-సిగరెట్ కిట్లు ఇస్తామని ప్రకటించి, మరోపక్క 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకాన్ని నిషేధించింది. సిగరెట్ కంపెనీలు ఈ వ్యాపారంలోకి దిగడం అనుమానాలను పెంచింది. హోన్ లిక్ పేటెంట్లను 2013లో ఇంపీరియల్ టొబాకో అనుబంధ సంస్థ కొన్నది. 2018లో ఆల్ట్రియా 1,280 కోట్ల డాలర్లు పోసి జూల్‌లో 35 శాతం వాటా తీసుకుంది. పొగాకుతో బతికే కంపెనీ పొగ మానిపిస్తానంటే సందేహించడం తప్పు కాదు.

భారతదేశంలో

ఇ-సిగరెట్లను పూర్తిగా నిషేధించాలని భారత వైద్య పరిశోధన మండలి 2019 మేలో సిఫారసు చేసింది. సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. సిగరెట్, బీడీ మాత్రం ప్రతి బడ్డీ కొట్టులో దొరుకుతాయి. ఎక్కువ చంపేదాన్ని ఉంచి తక్కువ చంపేదాన్ని తీసేశారన్న విమర్శకు ఇది చోటిచ్చింది. పిల్లల్లో కొత్త వ్యసనం పాకకముందే ఆపామన్నది ప్రభుత్వ వాదన. నియంత్రణను నిక్కచ్చిగా అమలు చేసే యంత్రాంగం బలహీనంగా ఉన్న చోట ఆ వాదనకూ బరువుంది.

మరో తేడాను మరవకూడదు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7 శాతమే, నమిలేవారు, నోట్లో పెట్టుకునేవారు 21.4 శాతం. తాగేవారిలోనూ సిగరెట్ కన్నా బీడీదే పైచేయి. గుట్కా, ఖైనీ మానడానికి ఇ-సిగరెట్ ఎక్కడా పరీక్షకు నిలిచిన సాధనం కాదు. ఉత్తరాంధ్రలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవారిలో ఎక్కువ. అంగిలి క్యాన్సర్‌కు దానికీ ఉన్న సంబంధం మీద విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో జరిగిన పరిశోధనలు వైద్య గ్రంథాలకెక్కాయి. బ్రిటన్ పరీక్షల ఫలితాలను తీసుకొచ్చి ఈ ఆడవారికి, ఈ బీడీ కార్మికులకు యథాతథంగా వర్తింపజేయలేం.

ఇక్కడ చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న దారులు వేరే ఉన్నాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములకు డాక్టరు చీటీ కావాలి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు వైద్యుడి పర్యవేక్షణలో వాడాలి. పెద్దల పొగాకు మాన్పుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన తొలి చికిత్సా మార్గదర్శకాల్లో ఈ రెండు మాత్రలు, నికోటిన్ ఉత్పత్తులు, సైటిసిన్ ఉన్నాయి, ఇ-సిగరెట్ లేదు. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. గమ్‌ను బబుల్‌గమ్‌లా నమిలేస్తే పనిచేయదు. కొద్దిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గలో పెట్టి ఉంచాలి. ఈ చిన్న సంగతి చెప్పేవారు లేక గమ్ దండగని పారేసినవారు కోకొల్లలు.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, అక్కడి వైద్యుల సలహాతో సిగరెట్ నుంచి ఇ-సిగరెట్‌కు మారిన తెలుగువారు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆ పరికరాన్ని దేశంలోకి తేకూడదు, విమానాశ్రయంలో స్వాధీనం చేసుకుంటారు. ఊళ్లో పాత స్నేహితుల మధ్య చెయ్యి మళ్లీ సిగరెట్ వైపు పోయేది అప్పుడే. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందే పట్టీకో గమ్‌కో అలవాటు పడి, సెలవులకు సరిపడా వెంట తెచ్చుకోవడం మంచిది.